వేళ్ళు తాగిన నీళ్ళు

"అన్నం వాసనొస్తోంది" అన్నాడు మా ఆయన తవీ. చెంచా ముక్కు దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశాడు.

అత్తయ్య నా వైపు చూసింది. "కుండ సరిగా తోమి ఉండదు. ఈసాన్ వాళ్ళకి బంకబియ్యం ఆవిరి మీద పెట్టడం తప్ప మామూలు అన్నం వండడం ఎక్కడొచ్చు?"

వాసన నాకూ వచ్చింది. తియ్యగా, ముక్కులో చల్లగా, గోళ్ళరంగు తుడిచే మందులా. నాలుగు రోజుల్నుంచి వస్తోంది. నాకొక్కదానికే అలా అనిపిస్తోందేమోనని నోరు మూసుకున్నాను. ఆ మధ్యాహ్నం కుండని బూడిద పెట్టి తోమాను, నిమ్మతొక్క పెట్టి మళ్ళీ తోమాను. బియ్యం బస్తా మార్చాను. మూడు నీళ్ళు కడిగే బియ్యాన్ని ఆరు నీళ్ళు కడిగాను. కడిగినకొద్దీ వాసన పెరిగింది. ఆ ఇంట్లో ఏది చెడినా ముందు నా చేతులే వాసన చూసుకోవడం నాకు అలవాటైపోయింది. అందుకే బియ్యాన్ని అనుమానించాను, కుండని అనుమానించాను, నన్ను నేను అనుమానించుకున్నాను. కడిగే నీళ్ళని మాత్రం అనుమానించలేదు.

చివరికి తీర్పు అత్తయ్యే చెప్పింది. చూరు కింద వాన నీళ్ళు పట్టుకునే పెద్ద జాడీలు ఆరు ఉన్నాయి మాకు. అంతకుముందు ఆ నీళ్ళు అందరం తాగేవాళ్ళం, అవి అడుగంటాకే బావి జోలికి పోయేవాళ్ళం. "బావి నీళ్ళు పాచి పట్టాయేమో. ఇక నుంచి జాడీల నీళ్ళు వాడికి. పొద్దున పోయి పొద్దుగూకి వచ్చేవాడు, వాడి పొట్ట చెడితే ఎలా? ఆడవాళ్ళం, మనం బావితో సర్దుకుందాం" అంది. తవీ తలూపి వాన నీళ్ళ చెంబు తన వైపు లాక్కున్నాడు. ఆ రోజు నుంచి పొయ్యి మీద రెండు కుండలు. ఒకటి వాన నీళ్ళతో అతనికి, ఒకటి బావి నీళ్ళతో మా ఇద్దరికి. పొరపాటున గరిటెలు మారితే అత్తయ్య నా చేతి మీద కొట్టేది.

నా పేరు సుమాలీ. పుట్టింది దేశానికి ఈశాన్యాన, ఎండిపోయిన ఈసాన్ నేలలో. ఇరవై రెండేళ్ళప్పుడు రబ్బరు పాలు తియ్యడానికి తూర్పు వైపు తోటలకి వచ్చి, ఇక్కడే తవీని చేసుకుని ఉండిపోయాను. పెళ్ళైన ఏడాదికి అతనికి ట్యాంకరు తోలే పని దొరికింది. ఏదో ఫ్యాక్టరీ. "ఏం మోస్తావు?" అని అడిగితే "కడిగిన నీళ్ళు" అనేవాడు. ఆ పనిలో మూడేళ్ళున్నాడు. ఆ మూడేళ్ళూ అతని చొక్కాలు, ప్యాంట్లు బావి దగ్గర బండ మీద నా చేతుల్తోనే ఉతికాను. ఉతికాక అరచేతులు తెల్లగా పాలిపోయి, చర్మం పొరలు పొరలుగా లేచేది. "సబ్బు పడలేదు నీకు" అనేవాడు. సబ్బు మార్చాను.

ఆ మూడేళ్ళలోనే నాకు మూడుసార్లు కడుపు నిలిచి, మూడుసార్లూ పోయింది. మొదటిది రెండో నెలలో. అది అందరికీ జరిగేదేలే అన్నారు. రెండోది మూడో నెలలో, రబ్బరు తోటలో గిన్నెలు ఖాళీ చేస్తుండగా. మూడోది నాలుగు నెలలు నిండాక. దాని గురించి ఇప్పటికీ ఎక్కువ చెప్పలేను. ఆ తర్వాత చాలాకాలం నేను అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయపడేదాన్ని. నా ఒంట్లో ఏదో కూర్చుని ఉందనీ, నేను దేన్ని కోరుకుంటే అది దాన్నే తినేస్తుందనీ అనిపించేది. కడుపు మీద చెయ్యి పెట్టుకోవడం మానేశాను. స్నానం చేసేటప్పుడు కూడా అక్కడ సబ్బు రాసుకోకుండా నీళ్ళు మాత్రం పోసుకునేదాన్ని.

"ఎండు నేల పిల్లని తెచ్చుకుంటే ఇంతే, ఏది వేసినా నిలవదు" అని అత్తయ్య పక్కింటి బువాలీ అక్కతో నాకు వినబడేలా అనేది. అని ఊరుకోలేదు కూడా. వేర్లూ బెరళ్ళూ తెచ్చి, రోజూ పొద్దున్నే మట్టికుండలో ఒక గంటసేపు మరగబెట్టి, పరగడుపున నా చేత తాగించేది. గర్భం నిలబెట్టే కషాయం. ప్రేమతోనే కాచింది, ఆ మాట ఒప్పుకుంటాను. మరిగించేదానికి జాడీల నీళ్ళెందుకని, కాచిన నీళ్ళు మాత్రం బావివి.

తవీ తన పనికి తను పోయి వచ్చేవాడు. ఒక్కసారి మాత్రం, మూడోది పోయిన వారానికి, చెప్పులేసుకుంటూ, "నువ్వు కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది" అన్నాడు. దేనికి జాగ్రత్తగా ఉండాలో చెప్పలేదు. ఆ నెలలోనే ఊరి ఆరోగ్య కేంద్రానికి ఒక్కదాన్నే వెళ్ళి, పిల్లలు కలగకుండా సూది వేయించుకున్నాను. మూడు నెలలకోసారి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య కషాయం కాస్తూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను.

ఫ్యాక్టరీ వాళ్ళు ట్యాంకరు పని ఆపేశాక తవీ కంకర లారీకి మారాడు. అన్నం వాసన మొదలైంది ఆ ఏడే. ఆ మరుసటి ఏడే బువాలీ అక్క తోటలో రబ్బరు చెట్లు ఆకు రాల్చి ఎండడం మొదలుపెట్టాయి. ఆకు రాలే కాలం కాదది. ముందు మొరం గుంట వైపు వరస, తర్వాత దాని పక్క వరస, మా ఇంటి వైపు నడిచొస్తున్నట్టు. మొరం గుంటంటే రోడ్డు వెయ్యడానికి ఎర్రకంకర తవ్వుకుని వదిలేసిన గొయ్యి. మా ఇంటికి నాలుగు తోటల పైన ఉంటుంది. బువాలీ అక్కకి నోరెక్కువ. మొగుడు పోయి పదేళ్ళైంది, ఎవరికీ జంకదు. ఎండిన కొమ్మొకటి విరిచి ఊరిపెద్ద ప్రసోంగ్ అరుగు మీద పడేసి, "నా చెట్లకి కడుపులు పోతున్నాయి, వీటికీ కషాయం కాయమంటావా?" అని అడిగి వచ్చింది. ఆ మాట విని నేను వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బువాలీ అక్క అంతటితో ఆగకుండా యూనివర్సిటీ దాకా వెళ్ళింది. అలా వచ్చింది ఓరపిన్ మేడమ్. పొట్టిగా ఉంటుంది, ఎండకి కమిలిపోయిన ముఖం, ఎప్పుడూ మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. బావులు పరీక్షిస్తారని ఊరంతా అనుకున్నారు. ఆవిడ ముందు చెట్ల దగ్గరికి పోయింది.

"చెట్టు వేళ్ళు కింద నీళ్ళు తాగుతాయి కదమ్మా. ఆ నీళ్ళలో ఏముంటే మానులోనూ అదే ఉంటుంది. ఊరంతా బోర్లు వేసి చూసేబదులు చెట్టునే అడగొచ్చు" అంది. సన్నటి బరమా ఒకటి తీసి, మానులోకి తిప్పి, పెన్సిలంత కర్రముక్క బయటికి లాగి, గాలి పోకుండా వెంటనే గాజుసీసాలో వేసి మూత బిగించింది. సీసాలు పట్టుకోవడానికి ఎవరైనా కావాలంటే ఊరిపెద్ద నన్ను చూపించాడు. "పిల్లాజెల్లా లేరు, ఖాళీగానే ఉంటుంది" అన్నాడు.

రెండు రోజుల్లో డెబ్బై చెట్లు. నేను సీసాలు అందిస్తూ, వాటి మీద నంబర్లు రాస్తూ వెనకే నడిచాను. మా పెరట్లో బావి పక్కన ఏటిపాల చెట్టొకటి ఉంది, నీటి ఒడ్డున పెరిగే రకం, స్నానం చేసేటప్పుడు నా లుంగీ ఆరేసుకునేది దాని కొమ్మకే. అరవై మూడో నంబరు. మేడమ్ బరమా బయటికి లాగగానే, సీసా మూత పెట్టేలోపు, వాసన వచ్చింది. అది అన్నం వాసన. ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. ట్యాంకరు రోజుల్లో బండ మీద నానబెట్టిన చొక్కాల వాసన. సీసా మీద నంబరు రాయడం మరిచి అలాగే నిలబడ్డాను. మేడమ్ చూసి "ఎండ దెబ్బ తగిలిందా?" అంది. అవునన్నాను.

నెల తిరిగాక ఆవిడ ఊరి పటం పరిచి చూపించింది. ప్రతి చెట్టుకీ ఒక చుక్క. మొరం గుంట దగ్గర ముదురు ఎరుపు, అక్కడి నుంచి పల్లానికి నాలుకలా చాచుకుని బువాలీ అక్క తోట మీదుగా వచ్చింది. ఆ నాలుక కొస మా వంటింటి కింద ఉంది. ఇనుము, యంత్రాలు తుడవడానికి వాడే మందట, వాడేసింది తెచ్చి ఎవరో గుంటలో పోశారట, కొన్నేళ్ళపాటు.

అందరూ వెళ్ళాక మేడమ్‌ని పెరట్లో ఆపి అడిగాను. "నాకు మూడు పోయాయి. ఈ నీళ్ళ వల్లేనా?"

ఆవిడ పటం చుట్టి చంకలో పెట్టుకుంది. "ఇదే కారణమని నేను చెప్పలేనమ్మా. కాదని కూడా చెప్పలేను. ఈ మందు కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిది కాదని మాత్రం తెలుసు."

అదొక్కటి చాలు నాకు. ఇన్నేళ్ళూ తప్పు నాదేనని అందరికీ ఖాయంగా తెలుసు. మొదటిసారి ఒక మనిషి తెలియదంది.

తవీ ఇంటి ముందు మోటారు సైకిలు విప్పి కూర్చున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అతను నన్నెప్పుడూ కొట్టలేదు, అయినా భయమే. ఒక మాట బయటికొస్తే మళ్ళీ లోపలికి పోదు కదా.

"ట్యాంకరు తోలేటప్పుడు నీ చొక్కాలు వాసనొచ్చేవి" అన్నాను. "మేడమ్ సీసాలో అదే వాసన."

స్పానర్ తిరుగుతూనే ఉంది. "మందులన్నీ ఒకేలా వాసనొస్తాయి."

"మొరం గుంటలో పోసింది నువ్వేనా?"

"నేనొక్కణ్ణేనా? ఆరుగురం డ్రైవర్లం. చీటీలో ఎక్కడ పొయ్యమని ఉంటే అక్కడ పోశాం. కడిగిన నీళ్ళన్నారు, నమ్మాం."

"కడిగిన నీళ్ళే అయితే జాడీల నీళ్ళు నీకెందుకు కావాల్సొచ్చాయి?"

స్పానర్ ఆగింది. "వాసనొస్తోందని చెప్పానుగా."

"అన్నం వాసనొస్తోందన్నావు. నీళ్ళు అనలేదు."

తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నిజంగా అర్థం కానట్టు చూశాడు. "చెబితే మాత్రం నువ్వేం చేసేదానివి?" అన్నాడు.

గుమ్మంలో చప్పుడైంది. అత్తయ్య తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో. "నాకైనా చెప్పలేదేంరా?" అంది కొడుకుతో. అతను మళ్ళీ స్పానర్ తీసుకున్నాడు. ఆ సాయంత్రం పొయ్యి మీద ఒకటే కుండ పెట్టింది అత్తయ్య, వాన నీళ్ళతో. కషాయం కుండ మాత్రం తీసుకెళ్ళి పెరటి గోడకేసి పగలగొట్టింది.

ఆ తర్వాత ఊళ్ళోకి ట్యాంకుల్లో మంచినీళ్ళు రావడం మొదలైంది, బావుల మీద మూతలు పడ్డాయి. కింద ఉన్న విషం మాత్రం అక్కడే ఉంది, రోజుకింత పల్లానికి జారుతూ. దాన్ని తోడి కడిగే యంత్రాలు మనలాంటి ఊళ్ళకి రావని మేడమ్ చెప్పింది. అందుకని చెట్లు. మొరం గుంటకీ ఇళ్ళకీ మధ్య అడ్డంగా ఆరు వరసల ఏటిపాల, నాలుగు వరసల జామాయిల్, గుంట అంచుల్లో వట్టివేరు. "నీళ్ళు బాగా తాగే చెట్లు కావాలి. ఇవి తాగినంత నీరు పల్లానికి పోదు. తాగిన మందులో కొంత వేళ్ళ దగ్గరా మానులోనూ విరిగిపోతుంది, కొంత ఆకుల్లోంచి గాలికి పోయి ఎండకి విరుగుతుంది" అని చెప్పింది. ఎన్నేళ్ళు పడుతుందని బువాలీ అక్క అడిగితే, "మీ మనవరాలి పెళ్ళి దాకా" అంది. మనవరాలికి అప్పుడు నాలుగేళ్ళు.

మొక్క నాటే రోజు ఊరిపెద్దా, ఆఫీసర్లూ టోపీలు పెట్టుకుని తలా ఒక మొక్క పట్టుకుని ఫోటో దిగారు. ఆ ఫోటో కోసం తవీ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు, ఊరి కమిటీలో సభ్యుడు మరి. మిగతా రెండు వేల మూడు వందల మొక్కలూ ఆడవాళ్ళం నాటాం. వేళ్ళు కింద నీటిని అందుకునేదాకా రెండు వేసవులు పైనుంచి నీళ్ళు పోశాం, కలుపు తీశాం, పశువులు ఆకు ముట్టకుండా కాపలా కాశాం, రాలిన ఆకుని కాల్చకుండా మూటలు కట్టి పక్కన పెట్టాం. "ఊరి సేవ" అన్నారు దాన్ని. మగవాళ్ళు చేస్తే పని అనేవాళ్ళు. నెలనెలా బరమా వేసి సీసాలు పంపే బాధ్యత మేడమ్ నాకప్పగించింది. సరంజామా అంతా ఒక పెట్టెలో పెట్టి ఇచ్చింది. ఆ ఇంట్లో నాదంటూ తాళం ఉన్న వస్తువు అదొక్కటే.

అందరూ అడిగేవారు, ఆ చెట్ల మధ్య తిరుగుతుంటే హాయిగా ఉంటుందా అని. ఉండదు. పెరిగేకొద్దీ నాకు వాటిని చూస్తే భయమే పెరిగింది. మిట్టమధ్యాహ్నం గాలి లేనప్పుడు ఆ వరసల మధ్య నిలబడితే వందల చెట్లు చప్పుడు లేకుండా కిందున్నది పీలుస్తున్నాయని తెలిసి ఒళ్ళు జలదరించేది. చిగుళ్ళు కొన్నిటికి అంచులు మాడిపోయేవి. మాడి, రాలి, మళ్ళీ వేసేవి. ఊరివాళ్ళు పారబోసిందంతా ఎవరో ఒకరు తాగి, తమ ఒంట్లో అరిగించుకుని, మళ్ళీ పచ్చగా కనబడాలి. ఆ పని నాకు తెలుసు. వాటి మీద జాలి పడదామంటే నా మీద నేనే జాలి పడుతున్నట్టుండేది, అదీ భయంగానే ఉండేది.

మూడో ఏడు పరీక్షల్లో మా పెరటి బావిలో మందు మూడో వంతు తగ్గింది. తాగడానికి ఇంకా పనికిరాదు, కానీ పల్లంలో ఉన్న పొలాల వైపు కదలడం ఆగింది. బువాలీ అక్క మిఠాయిలు పంచింది. ఆ రోజే మేడమ్ పెట్టె సర్దుకుంటూ నాతో అంది. "ఫ్యాక్టరీ లెక్కలు పోలీసులకి దొరికాయి. ఇంత పెద్ద ఫ్యాక్టరీ, మూడేళ్ళు, ఆరు బళ్ళు. ఈ ఒక్క గుంటలో పట్టే సరుకు కాదు సుమాలీ. ఇంకో చోటు ఎక్కడో ఉంది. పోలీసులు అడిగితే డ్రైవర్లు ఒక్కళ్ళూ నోరు విప్పడం లేదు. ఎక్కడో తెలియకుండా చెట్లు ఎక్కడని పెడతాం? అక్కడివాళ్ళు ఇంకా తాగుతూనే ఉంటారు."

ఇంటికొచ్చి ఉతికిన బట్టలు మడత పెడుతుండగా నా చేతులకి గుర్తొచ్చింది. నా బుర్రకి కాదు, చేతులకే. తవీ ప్యాంట్లు. మొరం గుంట ఎర్రమట్టి సబ్బుకి లొంగదు, సున్నం వేసి రుద్దాలి, మోకాళ్ళ దగ్గర మరక మిగిలిపోయేది. కానీ వారానికొక జత వేరేలా వచ్చేది. మడమల దగ్గర బూడిదలా ఎండిన తెల్లమట్టి. నీళ్ళలో వెయ్యగానే బకెట్టంతా పాలలా అయిపోయేది. దాన్ని ఉతకడం తేలికని ఆ జత చూస్తే నాకు సంతోషంగా కూడా ఉండేది. ఆ తెల్లమట్టి ఈ చుట్టుపక్కల ఎక్కడుందో అందరికీ తెలుసు. దిన్‌ఖావ్ అనే ఊళ్ళో, కప్పులూ పింగాణీ చేసేవాళ్ళు తవ్వుకుని వదిలేసిన గుంటల్లో. బస్సులో గంటన్నర.

మర్నాడు పొద్దున అతను కాఫీ తాగుతుంటే ఒకటే మాట అడిగాను. "దిన్‌ఖావ్‌లో ఏ గుంట?"

కప్పు కింద పెట్టాడు. "ఎవరు చెప్పారు?"

"నీ ప్యాంట్లు."

లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, మునిగిపోయేవాడు పట్టుకున్నట్టు. "సుమాలీ, మిగతా అయిదుగురూ నోరు మూసుకుని ఉన్నారు. నువ్వు వెళ్ళి వాగితే నేనొక్కణ్ణే దొరుకుతాను. నన్ను జైల్లో పెట్టిస్తావా? నీకేం ఒరుగుతుంది? అక్కడ నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి?" చెయ్యి వదిలాడు. గొంతు మారింది. "వెళ్తే మళ్ళీ ఈ గడప తొక్కకు. ఈసాన్‌లో మీ అన్న ఇంట్లో ఎన్నాళ్ళుంచుకుంటారో చూద్దాం."

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఆకుకూర తుంచుతోంది. తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగిపోయాయి. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "తొమ్మిదింటి బస్సు పోతే మళ్ళీ మధ్యాహ్నమే" అంది.

పెట్టె తీసుకుని బస్సెక్కాను. బస్సులోంచే మేడమ్‌కి ఫోన్ చేశాను. "ఒక చోటు అనుమానంగా ఉంది, సీసాలు పంపుతాను" అని మాత్రం చెప్పాను. తవీ పేరు ఎత్తలేదు. "పంపు, పరీక్ష అయ్యేసరికి మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఎవరితోనూ ఏమీ అనకు, అబద్ధమైతే ఊళ్ళో గోలైపోతుంది" అంది. హాయిగా అనిపించింది నాకు. మూడు వారాలు. కర్రముక్కలు తీసి, మూతలు బిగించి, పోస్టులో వేసి ఇంటికెళ్ళి వంట చేసుకోవచ్చు. చెప్పేది కాగితం చెబుతుంది. నా నోటితో నేనేమీ చెప్పక్కర్లేదు.

దిన్‌ఖావ్ చివర గుంటలన్నీ నీళ్ళతో నిండి, కొంగలతో అందంగా ఉన్నాయి. మూడో గుంట ఒడ్డున మాత్రం తుమ్మచెట్లకి ఒకవైపు ఆకు లేదు. వాటి పల్లంలో ఒక ఇల్లు, అరటి మొక్కలు, ఇంటి ముందు చేతిపంపు. ఇంటి వెనక వేపచెట్టుకి బరమా పెట్టి తిప్పాను. కర్రముక్క వాసన చూశాను. ఏ వాసనా లేదు. దేవుడా, నేను పొరబడ్డాను, ఇక్కడేమీ లేదు, ఇంటికి వెళ్ళిపోవచ్చు. మరుక్షణమే మేడమ్ ఎన్నోసార్లు చెప్పింది గుర్తొచ్చింది. వాసన తగిలేది మందు చాలా ఎక్కువున్న చోటే, ముక్కుకి తెలియకపోయినా నీళ్ళలో ఉంటుంది. మూత బిగించాను.

"చెట్టుకి సూది పొడుస్తున్నావేంటక్కా, జ్వరమొచ్చిందా దానికి?"

తిరిగి చూశాను. ఆ ఇంటి అమ్మాయి, పాతికేళ్ళు ఉంటాయేమో, చేతిలో ఖాళీ బిందె, చంకలో బట్టలు. నవ్వుతోంది. నేనేదో గొణిగాను, చెట్ల పరీక్ష అని. ఆమె ఇంకేమీ అడగలేదు. పంపు దగ్గరికి వెళ్ళి నాలుగు కొట్లు కొట్టి, అల్యూమినియం గిన్నె నింపి తెచ్చి రెండు చేతులా అందించింది.

"ఎండనపడి వచ్చావు, ముందు నీళ్ళు తాగక్కా. తెల్లమట్టి నీళ్ళు, ఈ చుట్టుపక్కల ఇంత తియ్యటివి ఎక్కడా ఉండవు. మా అమ్మ కూడా ఊరి నుంచి వస్తే రెండు డబ్బాలు పట్టించుకుని పోతుంది."

గిన్నె నా చేతుల్లో ఉంది. నీళ్ళు గాజులా తేటగా ఉన్నాయి. నా ముఖం కనబడుతోంది, దాని వెనక ఆకాశం. మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులు. రోజుకి ఎన్ని బిందెలు పడుతుందో. బియ్యం ఎన్ని నీళ్ళు కడుగుతుందో. నాకు ఋజువేమీ లేదు. మూత బిగించిన సీసా ఒకటి, ఎప్పుడో ఉతికేసిన ప్యాంట్ల జ్ఞాపకం ఒకటి. పోలీసులు నవ్వుతారు. తవీ నవ్వడు. సాయంత్రం ఏ గడప తొక్కుతానో నాకే తెలియదు. ఇంత భయం నాకు కడుపులు పోయినప్పుడు కూడా వెయ్యలేదు.

గిన్నె నేల మీద పెట్టాను.

ఆమె నవ్వు కొంచెం తగ్గింది. "ఏమైందక్కా, శుభ్రంగానే ఉన్నాయి. నువ్వు ఏ ఆఫీసు నుంచి వచ్చావు?"

"ఏ ఆఫీసూ కాదు తల్లీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆ గుంటలో విషం పోసినవాడి పెళ్ళాన్ని. బిందె కింద పెట్టు. కూర్చో, అన్నీ చెబుతాను."